ఫ్రెష్ పాండ్‌లో ఐసు కోసిన కూలీల వివరాలు ఎక్కడ దొరుకుతాయి?

మద్రాసు మెరీనా ఎదురుగా ఉన్న ఐస్ హౌస్ (ట్యూడర్ ఓడల్లో వచ్చిన ఐసు దాచిన భవనం; 1897లో వివేకానందులవారు బస చేసింది అక్కడే) చూసొచ్చినప్పటి నుంచి ఫ్రెడరిక్ ట్యూడర్ గురించి చదువుతున్నాను. ఈ బోస్టన్ వర్తకుడు 1833లో టస్కనీ ఓడలో 180 టన్నుల ఐసు కలకత్తాకు పంపితే, నాలుగు నెలల ప్రయాణం తర్వాత కూడా 100 టన్నుల దాకా మిగిలిందట! బోస్టన్ పక్కనున్న కేంబ్రిడ్జ్‌లో, చలికాలంలో గడ్డకట్టిన ఫ్రెష్ పాండ్ అనే చెరువు మీద, పొలం దున్నినట్టే, గుర్రాలకు కట్టిన కత్తితో గీతలు గీసి దిమ్మెలు కోసేవారు. కరగకుండా చుట్టూ రంపపు పొట్టు కూరేవారు.

ట్యూడర్ గురించి బోలెడంత దొరుకుతోంది. ఆ చలిలో దిమ్మెలు లాగినవాళ్ల పేర్లే కనబడటం లేదు, అదే నా బాధ. 1850 అమెరికా జనాభా లెక్కల్లో మగవాళ్ల వృత్తి కూడా రాశారు కదా, కేంబ్రిడ్జ్ పేజీల్లో ఐసు పనివాళ్లను ఎలా వెతకాలి? మసాచుసెట్స్‌లో ఉంటున్నవాళ్లు ఎవరైనా అక్కడి లైబ్రరీలో ఎవరిని అడగాలో చెప్పగలరా?