వైజాగ్‌కి విమాన దూరం ఎలా లెక్కకట్టాలి?

అందరికీ నమస్కారం. మేం బెంగళూరులో మారతహళ్ళిలో ఉంటాం. మా అమ్మాయి పదో తరగతి. బెంగళూరు నుంచి విశాఖపట్నానికి విమాన దూరం సొంతంగా లెక్కకట్టే ప్రాజెక్టు తీసుకుంది. నెట్‌లో చూసి రాయడం తనకి ఇష్టం లేదు, నాకూ లేదు.

రెండు విమానాశ్రయాల అక్షాంశ రేఖాంశాలు తీసుకున్నాం: 13.20, 77.71, ఇంకా 17.72, 83.22. డిగ్రీకి 111 కిలోమీటర్లు వేసి పైథాగరస్ సూత్రం పెడితే దాదాపు 790 వచ్చింది. భూమధ్యరేఖ నుంచి పైకి వెళ్ళేకొద్దీ రేఖాంశాలు దగ్గరవుతాయి కదా అని, తూర్పు పడమరల తేడాని సగటు అక్షాంశపు కొసైన్‌తో గుణించాం. దాదాపు 774కి తగ్గింది. ఆ తేడా తనే కనిపెట్టినప్పుడు దాని మొహం చూడాలి!

చిక్కు ఇక్కడే వచ్చింది. భూమి వ్యాసార్ధం 6371 కిలోమీటర్లు పెట్టి ఎక్సెల్‌లో హావర్‌సైన్ సూత్రం (గోళం మీద రెండు చోట్ల మధ్య దూరం లెక్కకట్టేది) రాస్తే, వేలల్లో ఏదో పొంతన లేని అంకె వస్తోంది. డిగ్రీలని రేడియన్లలోకి (కోణాన్ని కొలిచే ఇంకో ప్రమాణం) మార్చకపోవడమే కారణమా? ఫార్ములాలో ఎక్కడ మార్చాలో ఎవరైనా అడుగడుగునా చెప్పగలరా?

ఇంకొకటి. మా తమ్ముడు శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉంటాడు. బెంగళూరు నుంచి అక్కడికి దగ్గరి దారి ఉత్తర ధ్రువం వైపుగా వెళ్తుందంటే అమ్మాయి నమ్మట్లేదు. గోడ మీద మ్యాప్‌లో చూస్తే అలా అనిపించదు మరి. గ్లోబు, దారం కాకుండా తనకి అర్థమయ్యేలా చూపించే మార్గం ఉంటే చెప్పండి. సోమవారం ప్రాజెక్టు ఇవ్వాలి, కాస్త టెన్షన్‌గా ఉంది.