అప్రస్తుత ప్రసంగం అంటే "ఇప్పుడు కాని" ప్రసంగమా?

నిన్న గ్రూపులో ఒకరు అడిగారు, ప్రస్తుతం అంటే ఇప్పుడు కదా, మరి అవధానంలో (చుట్టూ కూర్చుని పలువురు అడిగేవాటికి ఒక్క అవధానే అక్కడికక్కడ పద్యాలు చెప్పే సభ) అప్రస్తుత ప్రసంగం అంటే ఇప్పటిది కానిది, పాతది అనా అని. మంచి డౌటండీ, చిన్నప్పుడు నాకూ ఇదే వచ్చింది. కామెంట్లో రాద్దామని మొదలెడితే పెద్దదైపోయింది, అందుకే విడిగా పెడుతున్నా.

సంస్కృతంలో ప్రస్తుతం అంటే ఎత్తుకున్న విషయం, నడుస్తున్న మాట. నడుస్తున్నది కాబట్టి మన వాడుకలో "ఇప్పుడు" అయి కూర్చుంది. అలంకారాల్లో అప్రస్తుతప్రశంస అని ఒకటుంది చూడండి, ఎక్కడో చెట్టు గురించో పిట్ట గురించో చెప్తున్నట్టు చెప్పి ఎదురుగా ఉన్న మనిషికి తగిలించడం, అక్కడా అప్రస్తుతం అంటే "అసలు విషయం కానిది" అనే. ప్రసంగం కూడా అంతే, లోపల సంగం ఉంది, అంటుకోవడం, దాన్నుంచి సందర్భం, మాటల్లో వచ్చిన సంగతి, చివరికి మనకి మైకు ముందు మాట్లాడేది. కన్నడంలో యక్షగానం ఆడే కథని ప్రసంగం అంటారు. పెద్దవాళ్ళ మాటల్లో దూరే పిల్లాణ్ణి మనమూ తమిళులూ కూడా అధికప్రసంగి అనే తిడతాం.

సరే అవధానం సంగతి. ఒక పక్క నిషిద్ధాక్షరి ఆయన ఒక్కో అక్షరం వద్దంటుంటాడు, ఇంకో పక్క సమస్య (ఇచ్చిన పాదంతో పద్యం పూర్తి చెయ్యడం), దత్తపది (ఇచ్చిన మాటలు వచ్చేలా పద్యం చెప్పడం), వర్ణన, మధ్యలో గంట ఎన్నిసార్లు కొట్టారో లెక్క, ఇవన్నీ బుర్రలో తిరుగుతుండగా సరిగ్గా పద్యపాదం నోటి దాకా వచ్చిన టైంలో ఒకాయన లేచి "అవధాని గారూ, మీ ఇంట్లో ఇవాళ కూర ఏంటి" అంటాడు, ఇంకాసేపాగి "మోక్షం అంటే ఏంటి" అంటాడు. రెండిటికీ వెంటనే చెప్పాలి, నవ్వించాలి, మళ్ళీ వదిలేసిన పాదం దగ్గరికి రావాలి. తిరుపతి వేంకట కవులనే జంట ఊరూరా తిరిగి అవధానాన్ని జనం మధ్యలోకి తెచ్చాక ఇది పండితుల పరీక్షే కాదు, చదువు రానివాళ్ళూ కూర్చుని చూసే వేడుక కూడా అయింది, వాళ్ళని అలా కూర్చోబెట్టేది ఎక్కువగా ఈ అప్రస్తుతమే అని నా నమ్మకం. చివర ధారణలో అవధాని పద్యాలన్నీ వరసగా అప్పజెప్తాడు, ఈ జవాబులు మాత్రం అందులో ఉండవు. కానీ ఇంటికెళ్ళే దారిలో జనం చెప్పుకునేవి ఇవే.

దీన్ని మధ్యలో వచ్చే కామెడీ బిట్టు అనుకోవడం నాకు బాధగా ఉంటుంది. ఈమధ్య ఒక సభలో పృచ్ఛకుడు, అంటే ప్రశ్న అడిగే ఆయన, ఫోన్ తీసి ఫార్వర్డ్ జోకులు చదివాడు, పాపం అవధాని ఏం చేస్తాడు, నవ్వి ఊరుకున్నాడు. జోకుకి జవాబు ముందే ఉంటుంది, అప్రస్తుతానికి ఉండకూడదు. అడిగిన ప్రశ్నలోని మాటనే పట్టుకుని తిప్పి చెప్పాలి, అప్పుడే అది భాషతో ఆట అవుతుంది.

మా ఇంట్లో సంక్రాంతికి అందరం కలిస్తే ఈ ఆటే ఆడతాం. ఒకసారి బావగారు "కోడి ముందా గుడ్డు ముందా" అని అడిగితే మా మేనకోడలు, ఎనిమిదో క్లాసు, "మామయ్యా, క ముందు గ తర్వాత, కోడే ముందు" అంది. ఎన్ని వందల ఏళ్ళ తగువుని గుణింతాల పుస్తకంతో తేల్చేసింది! "మనిషి పోయాక ఎక్కడికి పోతాడు" అంటే మా అత్తయ్య "గోడ మీదికి, దండతో సహా" అంది, పోవడం అనే ఒక్క మాటలో ఊరెళ్ళడమూ చావూ రెండూ ఉండబట్టే కదా ఆ జవాబు పండింది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైంది మా నాన్నగారిది. నిద్ర పట్టట్లేదు ఏం చెయ్యాలి అని ఎవరో అడిగితే "నువ్వు దాన్ని పట్టుకోవాలని చూస్తున్నావ్, అది నిన్ను పట్టాలి" అన్నారు. తెలుగు వాక్యం ఎలా ఉందో చూడండి, నాకు నిద్ర పట్టింది. పట్టింది నేను కాదు, నిద్ర. ఆకలి వేసింది, కోపం వచ్చింది, జ్ఞాపకం వచ్చింది, అన్నీ అంతే, అవే వస్తాయి అవే పోతాయి, మనం ఊరికే "నాకు" అని పక్కన నిలబడతాం. వేదాంతం చెప్పమంటే ఇంతకంటే ఏం చెప్తామండీ, వాక్యంలోనే పెట్టేశారు.

కామెంట్లలో ఒక అక్క అడిగారు, యక్షప్రశ్నలూ ఇలాంటివేనా అని. కలగలపు అదే అక్కా. గాలికంటే వేగమైంది ఏది అంటే మనసు, నిద్రలోనూ కన్ను మూయనిది ఏది అంటే చేప. వేదాంతం పక్కనే చెరువులో చేప! కానీ అక్కడ తమ్ముళ్ళు నలుగురూ పడిపోయి ఉన్నారు, ధర్మరాజుకి తప్పు చెప్పే వీల్లేదు. ఇక్కడ ఒక ప్రశ్నకి పదిమంది పది జవాబులు చెప్పొచ్చు, పదీ ఒప్పే.

ఇంకో తమ్ముడి కామెంటు ఉన్నదున్నట్టు పెడుతున్నా: "అన్నా మాది కరీంనగర్ దిక్కు. దేవుడు ఏడున్నడు అని మా తాతను అడిగితె, దేవులాడు బిడ్డా దొరుకుతడు అన్నడు. మా దగ్గర దేవులాడుడు అంటె వెతుకుడు."

తమ్ముడూ, ఇది చదివి చాలాసేపు అలాగే ఉండిపోయా. మా కోస్తాలో ఈ మాట ఇలా వాడం, మా వైపు పుట్టినవాడికి ఆ జవాబు తట్టే దారే లేదు. మీ తాతగారు చెప్పినవి ఇంకేమైనా గుర్తుంటే రాయి, ఎంత చిన్నదైనా సరే.