బక్కపలచని కుర్రాణ్ణి సీనియర్ టీమ్‌లోకి ఎప్పుడు దించాలి? (ఫుట్టీ, అంటే ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్, చర్చ)

టార్నీట్ నాన్న

పోయిన శనివారం మ్యాచ్ చూసి రైల్లో ఇంటికొస్తుంటే మా ఆఫీసు ఆయన ఒక మాటన్నాడు. డ్రాఫ్ట్‌లో (క్లబ్బులు ఏటా కొత్త కుర్రాళ్ళని వంతులవారీగా ఎంచుకునే పద్ధతి) వచ్చిన కుర్రాడు ఎనభై అయిదు కిలోలు తూగేదాకా కింది స్థాయి లీగ్ వీఎఫ్‌ఎల్‌లోనే ఉంచాలట, పై స్థాయి లీగ్ ఏఎఫ్‌ఎల్ గడప తొక్కనివ్వకూడదట. నాకు ఆ మాట మింగుడుపడలేదు. అందుకే ఇక్కడ పెడుతున్నాను.

ఫుట్టీ కొత్తగా చూస్తున్నవాళ్ళ కోసం కొంచెం చెప్తాను. 2024 డిసెంబరులో మన నితీశ్ కుమార్ రెడ్డి 114 కొట్టాడే, ఆ ఎంసీజీలోనే ఈ ఆటా ఆడతారు. ఒక్కో వైపు పద్దెనిమిది మంది, నాలుగు క్వార్టర్లు. బాక్సింగులో, కుస్తీలో ఉన్నట్టు బరువు తరగతులు ఇందులో లేవు. నవంబరులో డ్రాఫ్ట్‌లో ఎంపికైన పద్దెనిమిదేళ్ళ పిల్లాడు మార్చికల్లా, పదేళ్ళుగా జిమ్‌లో ఒళ్ళు గట్టిపరుచుకున్న ముప్ఫై ఏళ్ళవాడి మీద నిలబడాలి. మధ్యలో ఉండేది నాలుగు నెలలే.

2021 డ్రాఫ్ట్ చూడండి. రెండో పిక్ (రెండోగా ఎంపికైనవాడు) శామ్ డార్సీ, వెస్ట్రన్ బుల్‌డాగ్స్ క్లబ్. అయిదో పిక్ మాక్ ఆండ్రూ, గోల్డ్ కోస్ట్. ఇద్దరూ తాటిచెట్టంత పొడుగు, ఒంటి మీద కండ లేదు. ఆండ్రూ అయితే రివటలా ఉండేవాడు, గట్టిగా గాలి వీస్తే నిలుస్తాడా అనిపించేది. "వీళ్ళని ఇప్పుడే ఆడిస్తే విరిగిపోతారు" అని అప్పట్లో చాలామంది అన్నారు. ఇవాళ ఇద్దరూ తమ క్లబ్బులకు మూలస్తంభాలు. 2024 ఆగస్టులో ఎస్సెండన్ మీద ఆట ముగింపు సైరన్ మోగాక గోల్ కొట్టి ఒక్క పాయింటుతో గెలిపించింది ఆ ఆండ్రూయే.

నా వాదన ఒక్కటే. సెలక్షన్ దగ్గర అడగాల్సింది "ఎన్ని కిలోలున్నాడు" అని కాదు, "ఈ ఒంటికి ఈ వారం టీమ్‌లో ఏ పని ఉంది" అని. పని ఉంటే ఆడించాలి, లేకపోతే ఆపాలి. తూకం యంత్రం చెప్పే మాట కాదిది.

వెరిబీ గ్యాలరీ

అన్నా, మీరు చెప్పిన ఉదాహరణలే మీకు అడ్డం తిరుగుతున్నాయి. ఆండ్రూ మొదటి ఏడాది దాదాపు అంతా వీఎఫ్‌ఎల్‌లోనే గడిచింది. డార్సీ మొదటి మ్యాచ్ ఆడింది 2022 సీజన్ చివర్లో. నిజంగా నిలదొక్కుకుంది 2024లో. అంటే రెండేళ్ళు పట్టింది. మీ ఆఫీసు ఆయన కిలోల లెక్క తప్పు కావచ్చు, ఓపిక పట్టాలన్న మాట మాత్రం తప్పు కాదు.

ఇంకో సంగతి. పొడుగ్గా సన్నగా ఉన్నవాణ్ణి ఎక్కువగా డిఫెన్స్‌లోనో ఫార్వర్డ్‌లోనో పెడతారు. ఓడిపోయే టీమ్‌లో డిఫెండర్‌గా పెడితే ఏమవుతుంది? బంతి అతని వైపే యాభై, అరవై సార్లు వస్తుంది. ఎదురుగా ఉన్న ఫార్వర్డ్ ఆటగాడు మన పిల్లాణ్ణి నడుంతో తోసి ముందుకొచ్చి మార్క్ పట్టేస్తాడు (తన్నిన బంతిని గాల్లోనే అందుకోవడం). తప్పు మిడ్‌ఫీల్డ్‌లో జరుగుతుంది, టీవీలో కనిపించేది మాత్రం పిల్లాడి ముఖం. అలా పది వారాలు నడిస్తే వాడి ధైర్యం ఏమైపోతుంది? అట్టడుగున ఉన్న క్లబ్బులు "అనుభవం" పేరుతో పిల్లలకి మ్యాచ్‌లు పంచిపెట్టడం నేను చాలా చూశాను. నాకది అన్యాయంగా అనిపిస్తుంది.

టార్నీట్ నాన్న

డార్సీ విషయంలో ఒక్క సవరణ. మొదటి రెండేళ్ళు ఆయన వెనకబడింది గాయాల వల్ల. బరువు తక్కువని పక్కన పెట్టడం వల్ల కాదు. వాళ్ళ నాన్న లూక్ డార్సీ అదే క్లబ్బులో ఆడాడు. ఈ కుర్రాడి ఎముక ఎప్పటికి నిండుతుందో వాళ్ళకి బాగానే తెలుసు. అయినా వీలు దొరికిన మొదటి సీజన్‌లోనే దించారు కదా.

ఓడిపోయే టీమ్‌లో డిఫెండర్ సంగతి మాత్రం మీరన్నదే నిజం. అది నేను ఆలోచించలేదు.

పారమట్టా స్వాన్స్ అభిమాని

సిడ్నీ నుంచి ఒక మాట. మా సిడ్నీ స్వాన్స్ ఆటగాడు ఎరల్ గుల్డెన్‌ని మర్చిపోయారు. 2020 డ్రాఫ్ట్‌లో 32వ పిక్, మా అకాడమీ కుర్రాడు, 176 సెంటీమీటర్లు. 2021 మొదటి రౌండ్‌లో గబ్బాలో బ్రిస్బేన్ మీద దించితే మొదటి మ్యాచ్‌లోనే మూడు గోల్స్. 2023లో మా క్లబ్ బెస్ట్ అవార్డు ఆయనదే. అదే ఏడాది, మళ్ళీ 2024లో ఆల్ ఆస్ట్రేలియన్ (లీగ్ మొత్తంలోంచి ఎంచే ఆ ఏటి మేటి జట్టు). రెండేళ్ళు వీఎఫ్‌ఎల్‌లో కూర్చోబెట్టి ఉంటే ఏం మిగిలేది?

ఇంకొకరు కేలబ్ డేనియల్. 168 సెంటీమీటర్లు. 2014 డ్రాఫ్ట్‌లో 46వ పిక్ దాకా ఎవరూ ముట్టలేదు, పొట్టివాడని. 2016లో బుల్‌డాగ్స్ 62 ఏళ్ళ తర్వాత ప్రీమియర్‌షిప్ (లీగ్ కప్పు) గెలిచిన టీమ్‌లో ఆయన ఉన్నాడు. 2020లో ఆల్ ఆస్ట్రేలియన్. హెల్మెట్ పెట్టుకుని బంతిని ఎంత శుభ్రంగా తన్నేవాడో చూసినవాళ్ళకి తెలుసు.

వెరిబీ గ్యాలరీ

బ్రో, గుల్డెన్ ఆడింది వింగ్ మీద, అంటే గ్రౌండ్ అంచున. డేనియల్ వెనక నుంచి బంతి అందుకుని తన్నే పని చేశాడు. నిక్ డైకోస్‌ని కూడా 2022లో కాలింగ్‌వుడ్ ముందు హాఫ్‌బ్యాక్‌లోనే (వెనక వైపు వరుస) ఆడించింది. ఆ ఏడాది ఉత్తమ యువ ఆటగాడికిచ్చే రైజింగ్ స్టార్ అవార్డు గెలిచాక మిడ్‌ఫీల్డ్‌లోకి తెచ్చారు. వీళ్ళందరికీ పరుగెత్తడానికి ఖాళీ ఉంది. మనం మాట్లాడుతున్నది ఇద్దరు పెద్దమనుషుల మధ్య గాల్లోకి లేవాల్సిన పొడుగు కుర్రాడి గురించి. రెండూ ఒకటి కావు.

ఫిజియో అక్క

రెండు వైపులా ఒక విషయం వదిలేస్తున్నారు, నా పని అదే కాబట్టి చెప్తాను. సన్నటి పిల్లలు ట్యాకిల్‌లో నలిగిపోతారనే భయం అందరికీ ఉంటుంది. కానీ నా దగ్గరకొచ్చే పదిహేడు, పద్దెనిమిదేళ్ళ పొడుగు పిల్లల్లో ఎక్కువమందిది దెబ్బ కాదు, అరుగుదల. పాదంలో, ముంగాలి ఎముకలో, నడుములో స్ట్రెస్ ఫ్రాక్చర్లు. ఎముక ముందు పొడుగు సాగుతుంది, గట్టిపడటం తర్వాత. స్కూల్లో ఆడుకుంటున్న పిల్లాడు డ్రాఫ్ట్ అయిన మర్నాటి నుంచి ఫుల్‌టైమ్ ప్రీసీజన్‌లో (సీజన్‌కి ముందు శిక్షణ) పడతాడు. పరుగు ఒక్కసారిగా పెరుగుతుంది. విరిగేది అక్కడ.

వీఎఫ్‌ఎల్‌లో ఉంచితే శరీరం క్షేమం అనుకోవద్దు. అక్కడ ఆడేది పిల్లలు కాదు. పగలు ఉద్యోగాలు చేసుకుని సాయంత్రం ప్రాక్టీసుకొచ్చే పాతికేళ్ళ, ముప్ఫై ఏళ్ళ మగవాళ్ళు. గట్టిగానే గుద్దుతారు. కాబట్టి ఏ లీగ్‌లో ఆడుతున్నాడన్నది నాకు రెండో ప్రశ్న. మొదటి ప్రశ్న, వారం మొత్తం మీద ఎంత పరిగెత్తాడు, ఎన్ని నిమిషాలు ఆడాడు, ఎంత నిద్రపోయాడు.

బరువు గురించి కూడా. ఏడాదికి రెండు, మూడు కిలోల కండ పెరిగితే చాలా మంచిది. ఎనిమిది, పది కిలోలు తొందరగా ఎక్కిస్తే ఆ కుర్రాడి ఎగిరే గుణం, మలుపు తిరిగే వేగం పోతాయి. వాణ్ణి డ్రాఫ్ట్ చేసిందే వాటి కోసం కదండీ.

టార్నీట్ నాన్న

అక్కా, ఈ మాట కోసమే ఎదురు చూస్తున్నాను. అసలు నేను ఇంత పట్టుదలగా అడగడానికి కారణం చెప్తాను. మా వాడికి పదిహేనేళ్ళు. ఆస్‌కిక్ (చిన్నపిల్లల ఫుట్టీ) నుంచి ఆడుతున్నాడు. గత ఏడాది ఆరంగుళాలు పెరిగాడు, బరువు యాభై రెండు కిలోలే. ఇక్కడి ఒక క్లబ్బులో కోచ్ వాణ్ణి వరుసగా నాలుగు వారాలు బెంచి మీద కూర్చోబెట్టి, "మీ ఇంట్లో మాంసం తినరా?" అని పిల్లలందరి ముందూ అడిగాడు. మేము శాకాహారులం. వాడు ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. అప్పటి నుంచి కిలోల మాట వింటేనే నాకు కడుపులో తిప్పుతుంది.

పొడుగు కుర్రాళ్ళకి టైమ్ ఎక్కువ పడుతుందని ఒప్పుకుంటున్నాను. ఒక నంబరు పెట్టి తలుపు మూసేయడాన్ని మాత్రం ఒప్పుకోను.

ఫిజియో అక్క

అలా అనడం తప్పు, ఆ కోచ్‌తో మీరు విడిగా మాట్లాడాలి. ఏడాదిలో ఆరంగుళాలంటే మోకాలి కింద నొప్పి ఉందేమో అడగండి. ఉంటే గెంతడం, పరుగు కొన్నాళ్ళు తగ్గించాలి, పూర్తిగా మానక్కర్లేదు. పప్పు, పెరుగు, పనీర్, సోయా, గుడ్డు తింటే గుడ్డు, వీటితో కండ పడుతుంది. పూటకొకటి చొప్పున సర్ది పెట్టండి. ముఖ్యంగా ప్రాక్టీసు నుంచి వచ్చాక ఆకలితో పడుకోనివ్వద్దు.

వెరిబీ గ్యాలరీ

అన్నా, పిల్లాడి సంగతి విని బాధేసింది. నేను వాదించింది క్లబ్బులు ఓపిక పట్టాలని, పిల్లల్ని చిన్నబుచ్చాలని కాదు.

ఒకటి చెప్తాను. సన్నటివాడు బతికేది బలంతో కాదు, ముందుగా చేరడంతో. ప్రత్యర్థి భుజం తగలకముందే ఒక అడుగు పక్కకు వేసి నిలబడాలి. బంతి అందాక నిలబడిపోకుండా హ్యాండ్‌బాల్ (బంతిని పిడికిలితో గుద్ది అందించడం) వదిలేయాలి. ట్యాకిల్ పడితే చేతులు పైకి ఖాళీగా ఉంచుకోవాలి. ఇవి టీవీలో కనిపించవు, కెమెరా బంతి వెంటే పోతుంది. గ్రౌండ్‌కి రావాలి. మా వెరిబీ టీమ్ 2023 వీఎఫ్‌ఎల్ ఫైనల్‌లో గోల్డ్ కోస్ట్ రిజర్వ్స్ చేతిలో ఓడి, మరుసటి ఏడాది కప్పు కొట్టింది. నేను ప్రతి హోమ్ మ్యాచ్‌కీ వెళ్తాను. కంచె పక్కనే నిలబడితే ఆటగాళ్ళ కాళ్ళు, భుజాలు అన్నీ కనిపిస్తాయి.

టార్నీట్ నాన్న

ఈ ఆదివారం వస్తాం. మావాణ్ణి మీ పక్కన నిలబెడతాను. అవతలి టీమ్‌లో అందరికన్నా సన్నగా ఉన్న కుర్రాణ్ణి ఎంచుకుని, బంతి తన దగ్గర లేనప్పుడు ఎక్కడ నిలబడుతున్నాడో వాడికి చూపించండి.