సమస్య: సూర్యబింబమందు చుక్క పొడిచె

నిర్వాహకుడు:
ఈ వారం ఆటవెలది. నాలుగో పాదం నాది, మూడు పాదాలు మీవి. షరతు ఒక్కటే: 22వ శతాబ్దంలో జరగబోయే ఖగోళ ఘటనతోనే పూరించాలి. సూ–చు యతి నేను చూసుకున్నాను, మీ పాదాల సంగతి మీరు చూసుకోండి.

లెక్కల మేష్టారు:
నూరుపైన నైదు నోచి వేచిన యేండ్లు
గడచి పోయినంత గగనసీమ
శుక్రుడడ్డు వచ్చె సూర్యున కెదురుగా
సూర్యబింబమందు చుక్క పొడిచె

2012 జూన్ 6 తర్వాత శుక్రుడు మళ్లీ సూర్యబింబం మీదుగా నడిచేది 2117 డిసెంబర్ 11న.

పెరటిజామ:
మేష్టారూ, ఛందస్సుకు వంక పెట్టను. కానీ మూడో పాదంలోనే శుక్రుడి పేరు చెప్పేస్తే ఇక చిక్కు ఎక్కడిది? పైగా జూన్ నుంచి డిసెంబరంటే నూట అయిదున్నర కదండీ.

లెక్కల మేష్టారు:
ఆ అర గణాల్లో ఇమడలేదమ్మా.

కొత్తకలం:
చంద్రుడడ్డు నిలిచి జగమెల్ల చీకటై
ఏడు నిమిషములకు నెక్కువయ్యె
పట్టపగలె రాత్రి కమ్మిన వేళలో
సూర్యబింబమందు చుక్క పొడిచె

2186 జూలై 16 నాటి సంపూర్ణ గ్రహణం. 7 నిమిషాల 29 సెకన్లట! మొదటిసారి రాస్తున్నాను, తప్పులుంటే చెప్పండి.

నిర్వాహకుడు:
మొదటిసారికి బాగుంది తమ్ముడూ. మూడో పాదంలో ప–క యతి తప్పింది. ‘కమ్మిన’ తీసి ‘చుట్టిన’ పెట్టు, పట్ట–చుట్టి ప్రాసయతి కుదురుతుంది. రెండో పాదంలో ఏ–(న్)ఎ స్వరయతి సరిగానే పడింది. అసలు ఇబ్బంది అర్థంలో ఉంది. గ్రహణంలో చుక్కలు కనబడేది సూర్యుడి చుట్టుపక్కల, బింబంలో కాదు. ‘అందు’ అన్న మాటకు నీ పూరణ జవాబివ్వలేదు.

కొత్తకలం:
అయితే 2134లో వచ్చే హేలీ తోకచుక్కను పెట్టుకోవచ్చా గురువుగారూ? అదీ చుక్కేగా.

లెక్కల మేష్టారు:
1910లో అది సూర్యుడికి అడ్డంగానే పోయిందయ్యా. బింబం మీద నలుసంత కూడా కనబడలేదు.

విశాఖవాసి:
మునిమనుమడు నిలిచి ముంగిట నుదయాన
కడలి వైపుఁ జూచి కరము చాచి
అమ్మ! రమ్ము, చూడుమని పిల్చె వింతగా
సూర్యబింబమందు చుక్క పొడిచె

మా ఊరికి ఈ చుక్కతో పాత చుట్టరికం ఉంది. 1874 డిసెంబర్ 9న డాబా గార్డెన్స్ వేధశాల నుంచి అంకితం వెంకట నరసింగరావు గారు శుక్రుడి నడకను చూసి నమోదు చేశారు. దానికి 243 ఏళ్లు కలిపితే 2117. ఆ రోజు మనకు పొద్దు పొడిచేసరికే శుక్రుడు బింబం మీద ఉంటాడు.

నిర్వాహకుడు:
జరగబోయేదాన్ని ‘పొడిచె’ అని ఎలా అనిపిస్తారా అని చూస్తున్నాను. మాటను మునిమనుమడి నోట పెట్టి గట్టెక్కారు. పొద్దూ చుక్కా కలిసి పొడవడం ఇంకా బాగుంది. అమ్మ–(చూడుము)అని, సంధిలో దాగిన అచ్చుకు యతి, చెల్లుతుంది. ఆ పిల్లాడి కళ్లకు నల్లద్దాలు మాత్రం పెట్టించండి.

పెరటిజామ:
అదితి తల్లి మింట నందమౌ కాటుక
వేలికొనను నద్ది వెలుగుఱేని
చెంప మీద నునిచె చిన్నదౌ దిష్టిని
సూర్యబింబమందు చుక్క పొడిచె

కొత్తకలం:
అక్కయ్యా, దండం! శుక్రుడి పేరే రాలేదు.

నిర్వాహకుడు:
ఆదిత్యుడికి అదితి దిష్టిచుక్క పెట్టడం! ఈ వారం తాంబూలం అక్కయ్యకే. అయితే 22వ శతాబ్దం పద్యంలో ఎక్కడా లేదు, షరతు సగమే నెగ్గారు.

లెక్కల మేష్టారు:
పోలిక కొలతకు కూడా నిలుస్తుంది. శుక్రుడు సూర్యబింబంలో దాదాపు ముప్పయ్యో వంతు వెడల్పున నల్లగా, గుండ్రంగా కనబడతాడు. కాకపోతే అదితి ఎనిమిదేళ్లకే మళ్లీ కాటుక తీస్తుంది, 2125 డిసెంబర్ 8న. అప్పటికి మనవైపు పొద్దుగూకి ఉంటుంది.

పెరటిజామ:
ఆ రెండో దిష్టి అమెరికా వాళ్ల కళ్లు పడకుండా అయ్యుంటుంది లెండి మేష్టారూ. దానికి వాళ్ల తెలుగువాళ్లే రాసుకుంటారు పద్యం.