ఆంబోతుకు హార్మోన్ సూది వేయించాలా, వద్దా?

అచ్చంపేట రైతు: మా మందలో ఐదేళ్ల పొడ తూర్పు జాతి ఆంబోతు ఉంది. ఎదకొచ్చిన ఆవు కనిపిస్తే వదలదు. కానీ మే నుంచి అది దాటిన ఆవుల్లో సగానికి పైగా చూలు నిలవక తిరగపొర్లాయి, అంటే మళ్లీ ఎదకొచ్చాయి. మందుల షాపాయన టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోన్ సూది వేయించమన్నాడు. మీరేమంటారు?

దేవరకొండ రైతు: వేయించండి. సూది పడ్డాక మా కోడెకు వారంలోనే హుషారొచ్చింది. ఒక్క ఆంబోతును నమ్ముకున్న మందకు ఏడాది ఈతలు పోతే ఎట్లా?

మిర్యాలగూడ పాడి రైతు: అన్నా, దయచేసి ఆ సూది జోలికి పోకండి. హుషారు వేరు, చూలు కట్టించడం వేరు. మీ ఆంబోతుకు హుషారు తక్కువేం లేదు కదా! టెస్టోస్టిరాన్ బయటి నుంచి ఎక్కిస్తే, ఒంట్లో చాలినంత ఉందని మెదడు వట్టలకు పని చెప్పే ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ హార్మోన్లను తగ్గించేస్తుంది. వీర్యకణాలు తయారయ్యేది వాటి ఆధారంతోనే. మా దున్నపోతుకు ఇట్లాగే వేయించాం. బర్రెల మీద ఎగబడేది, ఒక్కటీ చూలు కట్టలేదు. డాక్టర్ వట్టలు పట్టి చూడమన్నారు. గట్టిగా, నిండుగా ఉండాల్సినవి వేలు పెడితే లొత్త పడ్డాయి. ఆ రోజు నాకు అన్నం సహించలేదు.

మీరు మే అన్నారు, నాకు ఎండ మీదే అనుమానం. వట్టలు ఒంటి వేడి కన్నా కొన్ని డిగ్రీలు చల్లగా ఉంటేనే కణాలు బాగా తయారవుతాయి. ఆ తయారీకి 61 రోజులు, ఆపైన పక్వానికి వారం పది రోజులు పడుతుంది. మేలో తగిలిన దెబ్బ జూలై దాకా కనిపిస్తుంది. ముందు వీర్యం పరీక్ష, దాంతోపాటు బ్రూసెల్లా రక్తపరీక్ష చేయించండి. ఆ జబ్బు వట్టల్ని వాపెక్కిస్తుంది, ఆవులను ఈసుకుపోయేలా, అంటే చూలు పోయేలా చేస్తుంది.

దేవరకొండ రైతు: డాక్టర్లు కూడా హార్మోన్ సూదులు వేస్తారు కదా, అవన్నీ తప్పేనా?

మిర్యాలగూడ పాడి రైతు: తప్పనను. ఆవు మీదికి పోని ఆంబోతుకు కొన్నిసార్లు బ్యూసెరిలిన్ అనే హార్మోన్ మందు వేస్తారు. అది ఒంట్లోని హార్మోన్‌నే కదిలిస్తుంది. అదైనా పరీక్ష చేసిన డాక్టర్ చెప్పాలి, షాపాయన కాదు.

అచ్చంపేట రైతు: సూది ఆలోచన మానేశా. ఆంబోతును చింతచెట్టు నీడకు మార్చి, పూటపూటకీ నీళ్లు పెడుతున్నా. రేపు డాక్టర్ వస్తున్నారు. అప్పటిదాకా ఆవులను దానితో దాటించను.