తక్కువ సోడియం ఉప్పు: బీపీ మాత్రలు వేసుకునే అమ్మకి వాడొచ్చా?

నమస్కారమండీ. మాది అమలాపురం దగ్గర పల్లె. అమ్మకి 66 ఏళ్లు, బీపీకి రోజూ టెల్మిసార్టాన్ వేసుకుంటుంది. ఉప్పు తగ్గించమంటే "చప్పిడి కూడు నా వల్ల కాదురా" అంటుంది. మొన్న మధ్యాహ్నం చూద్దును కదా, పెరుగన్నంలో మాగాయ టెంక నంజుకుంటూ, కంచం అంచున విడిగా చిటికెడు ఉప్పు కూడా పెట్టుకుంది!

ఈమధ్య చైనాలో చేసిన పరిశోధన ఒకటి చదివాను, 2021లో వచ్చింది. 600 పల్లెల్లో దాదాపు 21,000 మంది మీద చేశారు. పావు వంతు పొటాషియం క్లోరైడ్ కలిపిన ఉప్పు (అదే ఈ తక్కువ సోడియం ఉప్పు) వాడిన ఊళ్లలో పక్షవాతం 14 శాతం తగ్గిందట. కూర మార్చక్కర్లేదు, డబ్బాలో ఉప్పు మారిస్తే చాలు అనిపించి వెంటనే ప్యాకెట్ కొనేశాను. తీరా వెనక చూస్తే, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు డాక్టర్ని అడగాలని చిన్న అక్షరాలు. టెల్మిసార్టాన్ కూడా ఒంట్లో పొటాషియం పెంచొచ్చట. పైగా అమ్మకి కిందటేడు క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) 1.4 వచ్చింది. టెన్షన్ పట్టుకుని ప్యాకెట్ ఇంకా విప్పలేదు.

వచ్చే వారం డాక్టర్ దగ్గరికి వెళ్తున్నాం. క్రియాటినిన్, పొటాషియం పరీక్షలు ముందే చేయించి తీసుకెళ్తే సరిపోతుందా, ఇంకేమైనా కావాలా? మీ ఇంట్లో ఈ ఉప్పు వాడుతుంటే చెప్పండి, పప్పుచారులో చేదు తెలుస్తుందా? ఇంకోటి, దీంతో ఆవకాయ పెడితే ఏడాది నిలవుంటుందా, బూజు పడుతుందా? అమ్మ మొదట అడిగేది అదే.