అప్‌డేట్: లేఆఫ్ తర్వాత కర్నూలు నుంచి ఉద్యోగ వేట
ఎన్ని అప్లై చేసినా కాల్స్ రావట్లేదని అడిగింది నేనే. మీ సలహాల్లో పనిచేసినవి ఇవి. రెజ్యూమే ఒకే కాలమ్‌లో, టేబుళ్లు లేకుండా ఉండాలి. రెండు కాలమ్‌లుంటే స్క్రీనింగ్ సాఫ్ట్‌వేర్ చాలాసార్లు వరసలు కలిపేసి చదువుతుంది. నౌక్రీ జాబ్ సైట్‌లో ప్రిఫర్డ్ లొకేషన్ కింద హైదరాబాద్, బెంగళూరు కూడా పెట్టాలి.

అసలు చిక్కు పీఎఫ్‌తోనే. పాత కంపెనీ మన పీఎఫ్ ఖాతాలో ఎగ్జిట్ తేదీ (ఉద్యోగం మానేసిన రోజు) వేయకపోతే, కొత్తచోట వెరిఫికేషన్‌లో ఇంకా అక్కడే పనిచేస్తున్నట్టు కనబడుతుంది. వాళ్ల హెచ్ఆర్ చుట్టూ తిరగక్కర్లేదు. చివరి పీఎఫ్ జమ పడిన రెండు నెలల తర్వాత యూఏఎన్ (పీఎఫ్ సభ్యుల నంబర్) పోర్టల్లో 'మేనేజ్', 'మార్క్ ఎగ్జిట్' నొక్కి, ఆధార్ ఓటీపీతో మనమే వేసుకోవచ్చు. ఒకసారి వేశాక అక్కడ మార్చలేం, కాబట్టి తేదీ సరిచూసుకోడానికి రిలీవింగ్ లెటర్ దగ్గర పెట్టుకోండి.

ఆఫర్ లెటర్‌కు డిపాజిట్ అడిగినవాళ్ల నంబర్ బ్లాక్ చేశాను. సోమవారం హైదరాబాద్ కంపెనీతో రెండో రౌండ్ ఉంది.